వెనక సీటు

"దొంగ! నువ్వు తొక్కడం లేదు. బరువంతా నేనే లాగుతున్నా," అంది భార్య వెనక సీటు మీంచి.

ముందు సీటు మీదున్న వెల్డర్ ఉలిక్కిపడ్డాడు. అతని కుడి చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. ఎడమ చేత్తో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, పాదాల్లోకి మళ్లీ బలం తెచ్చుకున్నాడు.

ఇద్దరూ కలిసి తొక్కే ఆ సైకిల్ అతని చేతి పనే. రెండు పాత సైకిళ్లు కోసి ఒకటిగా అతికించాడు. ముందు పెడళ్లూ వెనక పెడళ్లూ కలిసే తిరుగుతాయి. ముందువాడు ఏమాత్రం బద్ధకించినా వెనకున్న పాదాలకు ఇట్టే తెలిసిపోతుంది. ఆమెకు చూపు లేదు. ముఖానికి గాలి కొడుతుంటే అదే ఆమెకు లోకం చూడటం. అతని చెయ్యి విరిగిన దగ్గర్నుంచి సైకిల్ ఇంట్లోనే ఇనప స్టాండు మీద ఉంది. గాల్లో తిరిగే వెనక చక్రానికి రోడ్డంత బరువు ఉండాలని అతనే ఓ రబ్బరు పట్టీ బిగించాడు. కదలని సైకిల్ మీద కూర్చుని కూడా ఆమె బడి వచ్చిందా, వంతెన వచ్చిందా అని అడుగుతూనే ఉంటుంది. అతనూ నోటికొచ్చింది చెబుతుంటాడు.

"విరిగింది చెయ్యి. కాళ్లకేం రోగం? ఇప్పుడు వదిలేస్తే కట్టు విప్పేసరికి పుల్లలైపోతాయి. అప్పుడు వంతెన ఎక్కించేదెవరు, మీ తాతా?"

"మా తాతకి సైకిల్ రాదే."

"నీకు మాత్రం వచ్చి ఏడ్చిందా! కళ్లున్నవాడివి, తీసుకెళ్లి ముళ్లకంపలో పడేశావు."

అతను నవ్వాడు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

"పడితే విరగలేదండీ, విరిగితే పడ్డారు," అని ఆసుపత్రిలో డాక్టర్ అతనొక్కడికే చెప్పాడు. జబ్బు ఎముకను లోపల్నుంచి తినేసిందట. ఒళ్లంతా పాకిందట. ఇక మందులు నొప్పి తగ్గడానికే. ఆ మాట ఆమెకు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. కాళ్లు ఆడుతున్నన్నాళ్లూ ఆమెకు అనుమానం రాదని రోజూ పొద్దున్నే సీటెక్కుతున్నాడు. పాడు కాళ్లు, అవే మాట వినడం మానేస్తున్నాయి.

మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి అతని ఫోన్ ఆమె ఒళ్లో ఉంది.

"ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది."

"ఏమన్నారు?"

"ఏమంటారు? ఎల్లుండి రమ్మన్నారు. కట్టు చూస్తారట."

"అంతేనా?"

"ఇంకేం కావాలి నీకు, సన్మానమా? ఎక్కు ఎక్కు."

అమ్మయ్య అనుకుని ఎక్కాడు.

కాసేపటికే తొడలు వణికాయి. ఊపిరి అందడం లేదు. ఇవాళ దొరికిపోవడం ఖాయం అనుకున్నాడు. ఇక వల్లకాక ఒక పాదం తీసేశాడు. తర్వాత రెండోదీ తీసేశాడు. అతని కాళ్ల పక్కన ఖాళీ పెడళ్లు గిర్రున తిరుగుతున్నాయి. ఇప్పుడు పడుతుంది తిట్టు అని కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"శభాష్! ఇవాళ భలే తొక్కుతున్నావయ్యా," అంది ఆమె.

అతనికి నమ్మబుద్ధి కాలేదు. ఇన్నేళ్ల కాపురంలో గోరంత బద్ధకాన్ని కూడా వదలకుండా పట్టుకున్న మనిషి, ఇవాళ మోసపోయింది! సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"మరేమనుకున్నావు! నా కాళ్లంటే మాటలా?" అన్నాడు గొంతు సవరించుకుని.

ఆమె రొప్పు వినిపిస్తోంది. రబ్బరు పట్టీ కీచుకీచుమంటోంది. ఇంతలో ఆమె నుదురు వచ్చి అతని వీపుకు ఆనింది. చొక్కా అక్కడ తడిసింది. చెమటే అనుకున్నాడు.

"వంతెన దాటామా?" అని అడిగింది.

"దాటేశాం."

"కాళ్లు అలాగే వేలాడేసుకో, ఫర్వాలేదు. తొక్కడం నేను చూసుకుంటా," అంది ఆమె. "సీటు మీంచి మాత్రం దిగిపోకయ్యా."