పక్కనుంచి వచ్చిన మనిషి

ఎల్పిడియో తను కిరాయికి తోలే మోటారు ట్రైసికిల్‌ని ఎడమవైపు తిప్పాడో లేదో, ధన్‌మని చప్పుడైంది.

బుట్ట ఎగిరిపడింది. మామిడికాయలు దుమాంగస్ రేవు మెట్ల దాకా దొర్లాయి.

బుట్ట మోస్తున్న ఆడమనిషి మోచెయ్యి పట్టుకుని లేచింది. యాభై దాటి ఉంటాయి.

"కళ్లు కనపడట్లేదా?" ముందు అరిచింది ఎల్పిడియోనే.

ఆమె తిట్టలేదు. దగ్గరికొచ్చి, అతని ఎడమ చెవి పక్కన చెయ్యి ఆడించింది.

"ఎదరకే చూస్తూ చెప్పు అబ్బాయ్. నా వేళ్లు కనిపిస్తున్నాయా?"

"ఏ వేళ్లు?"

ఆమె మొహం పాలిపోయింది. "కళ్లు చూపించుకో. ఆలస్యం చెయ్యకు."

స్టాండులోని డ్రైవర్లు గొల్లుమన్నారు. "ఒరే ఎల్పిడియో, డాక్టరమ్మ నీకోసం నడిచొచ్చిందిరా!"

పక్కనే పాకం అరటిపళ్లు అమ్ముకుంటున్న అతని తల్లి కూడా నవ్వింది. ఆ మనిషి తల్లివైపు ఒక్కసారి చూసి, తల దించుకుని పడవెక్కింది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది.

"గురువారం ఆసుపత్రికి కంటి డాక్టరు వస్తున్నాడు. నేనూ తోడొస్తాను."

"సూదిలో దారం ఎక్కించేంత చూపుంది నాకు. నొప్పి లేదు, మంట లేదు. నీకెందుకమ్మా ఇంత ఆరాటం? కమీషనేమైనా ఇస్తారా?"

"నొప్పి ఉండదు. అదే దీంతో వచ్చిన చిక్కు."

తర్వాత వచ్చినప్పుడు బండి నిండా జనం ఉన్నారు. ఆమె మాట చెవినబడి ఇద్దరు దిగిపోయారు.

ఎల్పిడియోకి ఒళ్లు మండింది.

"గుడ్డోడి బండి ఎవడెక్కుతాడు? నా పొట్ట కొట్టడానికే దాపురించావా? ఇంకోసారి ఈ రేవులో కనిపిస్తే ఊరుకోను!"

భుజం పట్టి తోసేశాడు.

ఆమె మళ్లీ రాలేదు.

వానలు తగ్గాక ఒక ఉదయం, బడికెళ్తున్న పిల్ల ఎడమవైపు నుంచి రోడ్డు దాటుతూ అతని బండి కింద పడింది. కాలు విరిగింది.

"చూడలేదన్నా. ఒట్టు, నాకు కనపడలేదు."

"పట్టపగలు కనపడలేదా?" అన్నాడు పిల్ల తండ్రి.

ఎల్పిడియో ఎదరకే చూస్తూ, ఎడమ చెవి పక్కన తన చెయ్యి తనే ఆడించి చూసుకున్నాడు.

ఇలోయిలో పట్నంలో డాక్టరు చాలాసేపు పరీక్షించింది.

"నీటికాసులు. గ్లకోమా అంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుంది. ఎడమకన్ను దాదాపు పోయింది. కుడికన్నుకి అంచులు పోయాయి."

"మందు వేస్తే తిరిగొస్తుందా డాక్టరుగారూ?"

"పోయిన చూపు రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలంతే. నలభై దాటాక ఏటా చూపించుకోవాల్సింది. నిరుడు వచ్చినా ఎంతో మిగిలేది. మీ వాళ్లలో ఇంకెవరికైనా ఉందా?"

"అమ్మ కళ్లు బాగానే ఉన్నాయి. నాన్న మొహం నేనెరగను. కడుపులో ఉండగానే వదిలేసి పోయాడు."

"ఇది వంశంలో వచ్చే జబ్బు. పిల్లలుంటే తీసుకురండి. వాళ్ల కళ్లూ చూడాలి."

బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాడు. విరిగిన కాలు గుర్తొచ్చింది. తను తోసిన భుజం గుర్తొచ్చింది.

పడవవాళ్లని అడిగితే ఆ మామిడికాయల మనిషి పేరు చెప్పారు. రెమెహియా. ఊరు సముద్రానికి అవతల, నెగ్రోస్ దీవిలో.

మర్నాడే పడవెక్కాడు. చెరకు తోటల పక్కన ఆ ఇల్లు కనుక్కుని తలుపు కొట్టాడు. ఒక పడుచుపిల్ల తీసింది.

"అమ్మ లేదండీ. వానల్లో జ్వరం తగిలి పోయింది."



"ఆవిడ కాళ్లు పట్టుకుందామని వచ్చాను తల్లీ. దుమాంగస్‌లో ట్రైసికిల్ తోలేవాణ్ని. నా మంచి కోరి వస్తే కుక్కని తరిమినట్టు తరిమాను."

ఆ పిల్ల అతన్ని కళ్లార్పకుండా చూసింది.

"ఎల్పిడియో మీరేనా?"

"నా పేరు చెప్పిందా?"

"జ్వరంలో కూడా అదే కలవరింత. మా తాతకి పోయినట్టే వాడికీ చూపు పోతుందేమో, కళ్లు చూపించుకున్నాడో లేదో అని."

"ఏమీ కాని నాకోసం అంత తాపత్రయం ఎందుకమ్మా ఆవిడకి?"

"అసలు సంగతి చెప్పెయ్యమని నేనూ పోరాను. 'అక్కడే వాళ్లమ్మ కూర్చుని ఉంటుందే, నలుగుర్లో ఆవిడ పరువు ఎలా తియ్యను' అనేది."

"నా కళ్లకీ మా అమ్మ పరువుకీ ఏంటి తల్లీ సంబంధం?" అన్నాడు ఎల్పిడియో.

ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా మావయ్యా, మా అమ్మకి నువ్వొక్కడివే తమ్ముడివి."