గవరయ్య పడక

వానలు వెలిసి, పొద్దున్నే మంచు పడటం మొదలైంది. అడవి అంచున నూకాలు అనే కుందేలు తన పెరట్లో కొత్తిమీర చల్లి, క్యాబేజీ నారు నాటింది. తర్వాత రాలిన ఆకులన్నీ ఊడ్చి, మూలన కుప్ప పోసి, నిప్పు తెచ్చింది.

కుప్పలోంచి ముసలి కప్ప గవరయ్య తల బయటపెట్టాడు.

"నూకాలమ్మా, ఆగు! ఈ చలికాలం ఇందులోనే తలదాచుకుందామనుకున్నాను."

"పెరడు అద్దంలా ఉండాలి మావా. నువ్వు ఇంకోచోటు చూసుకో."

గవరయ్య వాగు వైపు గెంతుకుంటూ పోయాడు. నూకాలు కుప్ప కాల్చేసింది.

నాలుగో రోజు పొద్దున చూస్తే నారు సగం లేదు. మిగిలిన మొక్కల మీద నత్తలు హాయిగా మేస్తున్నాయి. నూకాలుకు ఏడుపొచ్చింది. ఒక్క పరుగున వాగు దగ్గరికి వెళ్లింది.

"మావా, తప్పయిపోయింది. ఇన్నాళ్లూ నత్తల్ని తిన్నది నువ్వేనని ఇప్పుడు తెలిసింది. ఇంటికి రా. నా నారంతా నత్తల పాలవుతోంది."

"వస్తాను గానీ, ఎక్కడ పడుకోమంటావు?"

నూకాలు ఆ రోజంతా బాదం చెట్టు కింద రాలిన ఆకులు నోటకరిచి మోసింది. మూలన మెత్తటి కుప్ప వేసింది. తడి ఆరకుండా ఉంటుందని గవరయ్య చెబితే, మొక్కల మొదళ్లలో కూడా పరిచింది. గవరయ్య కడుపునిండా నత్తలు తిని కుప్పలో దూరాడు.

రెండు నెలలు తిరిగేసరికి క్యాబేజీలు గుండ్రంగా ముడుచుకున్నాయి. చూడ్డానికొచ్చిన ఉడుత మూతి విరిచింది.

"ఏంటి వదినా, పెరటినిండా ఈ చెత్త? ఊడ్చుకోలేదా?"

"మెల్లగా మాట్లాడు," అంది నూకాలు. "మా తోటమాలి పడుకున్నాడు."