ఆవిడకి ఏమవుతారు

“ఆవిడకి మీరేమవుతారు?” ఐసీయూ తలుపుకి అడ్డంగా నిలబడి అడిగాడు ఆసుపత్రి గార్డు.

“అక్కని బాబూ.” కొట్లో ఇస్త్రీ పెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చిన ఆమె రొప్పుతోంది. చేతిలో కళ్ళజోడు. “ఇది లేకపోతే దానికి ఎదుటి మనిషి ఆనదు.”

“ఆవిడకి తోబుట్టువులే లేరటమ్మా.”

“తోడికోడల్ని.”

“ఇందాక అక్కనన్నారు. చూడండమ్మా, ఆవిడ చెప్పిన ఒక్క మనిషిని తప్ప ఎవర్నీ పంపొద్దంది నర్సు.”

ఆ ఒక్క మనిషెవరో ఆమెకి అర్థమైంది. వాడే. ఇద్దరినీ గాలికొదిలేసి పోయినవాడు. చివరికి దానికి వాడే కావలసొచ్చాడు.

గోడకి జారగిలబడింది. నిజం చెబితే మెడపట్టి గెంటుతారని తెలుసు. కానీ చెప్పడానికి ఇంకో అబద్ధం దొరకలేదు.

“సవతిని,” అంది నేలచూపులు చూస్తూ. “మా ఆయన ముందు నన్ను కట్టుకున్నాడు, తర్వాత దాన్ని. ఆయన మమ్మల్ని వదిలేసి పోయాక ఇద్దరం ఒక్క కొట్టు మీదే బతుకుతున్నాం. రోజూ జుట్లు పట్టుకుంటాం. రాత్రి కూడా చావమని తిట్టాను దాన్ని. వాడు ఎటూ రాడు బాబూ. ఈ కళ్ళజోడన్నా లోపలిచ్చెయ్యి.”

గార్డు కళ్ళజోడు తీసుకోలేదు. తలుపు తోసి పట్టుకున్నాడు.

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా అమ్మా. పొద్దుటి నుంచీ ఆవిడది ఒకటే పాట. ‘నాకెవరూ లేరు, సవతి ఉంది. అదొస్తే ఆపకండి’ అని.”

ఆమె కొంగుతో కళ్ళజోడు అద్దాలు తుడవసాగింది.

“ఇందాకట్నుంచీ ఆ మాట కూడా లేదు. తొందరగా వెళ్ళండి.”