గడప మీది రంగు

మా అక్క కూతురు మేధ ఒంట్లోకి సీసం ఎక్కించింది హౌసింగ్ ఆఫీసు. మెల్‌బోర్న్‌లో మాలాంటి తక్కువ రాబడి వాళ్ల ఇళ్లలో పాత సీసం పెయింటు తీయించడానికి గవర్నమెంటు గ్రాంటు ఇచ్చింది. మా దరఖాస్తును ఆఫీసు పద్నాలుగు నెలలు తొక్కిపెట్టింది.

కరపత్రంలో ఇలా రాసి అక్కకు చదివి వినిపించాను. రెండేళ్ల మేధ ఆమె ఒళ్లో ఉంది. వచ్చిన నాలుగు మాటలూ ఈ మధ్యే పోగొట్టుకుంది.

"స్పీచ్ బాగానే ఉందిరా. గడప సంగతి రాయలేదేం?" అంది అక్క.

టెస్టింగ్‌కు వచ్చినాయన ఇల్లంతా చూసి, అన్నిటికన్నా ఎక్కువ సీసం గడప దగ్గరే ఉందన్నాడు.

ఉగాదికి పసుపు రాయడానికని, పెచ్చులూడుతున్న ఆ గడపను ఉప్పు కాగితంతో నున్నగా రుద్దింది నేను. 'మేము వచ్చేదాకా పెయింటు గీకవద్దు' అని ఆఫీసు పంపిన కాగితాన్ని, ఇదో సాకు అంటూ చించేసిందీ నేనే. ఆ పొడి పసుపులో కలిసింది. మేధ గడప పట్టుకుని, పసుపంటిన వేళ్లు చప్పరిస్తుంటే ముద్దొచ్చి ఫోటో కూడా తీశాను.

పెన్ను తీశాను.

"నీ పేరెందుకులే. పసుపు రాసింది నేను కదా, నాది రాయి" అంది అక్క.

రుద్దింది నేనేనని రాశాను. ఆఫీసు మీద రాసింది మాత్రం కొట్టేయలేదు. చివర ఇంకో రెండు వాక్యాలు చేర్చాను.

శనివారం ఉదయం పదింటికి హౌసింగ్ ఆఫీసు ముందుకు రండి. అప్పటిదాకా మీ గడపలు గీకకండి.