గండుపిల్లి గెంటివేత

చాట్ గదిలో దేవేంద్ర అందరి ముందూ పెట్టిన మొదటి మాట అతని పాస్‌వర్డ్.

అక్కడ ఆదేశమేదైనా స్లాష్ అనే ఏటవాలు గీతతో మొదలవ్వాలి, అతను దాని ముందు పొరపాటున ఖాళీ వదిలాడు. దాంతో అది ఆదేశం కాకుండా మామూలు మాటై గదిలో అందరికీ కనిపించింది: ‘అత్తంటేభయంలేదు’.

అడవి మధ్య ఇనుప గనుల ఊరైన కిరండూల్ టౌన్‌షిప్‌లో తెలుగువాళ్లంతా పడీపడీ నవ్వారు. వానలు పట్టాయంటే అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. ఫొటోలూ వీడియోలూ కదలవు, ఉత్త అక్షరాలైతే ఎలాగో చేరతాయి. అందుకే వాళ్లు ఈ అక్షరాల గది పెట్టుకుని, ఎవరికి తోచిన పేరు వాళ్లు తగిలించుకున్నారు.

వాళ్లలో ‘గండుపిల్లి’ అనే ఒకరు దేవేంద్రకు విడిగా మెసేజ్ పెట్టారు.

“ముందు ఆ పాస్‌వర్డ్ మార్చు బాబూ. భయం ఉందని ఊరంతటికీ తెలిసిపోనాది.”

దేవేంద్ర బుద్ధిగా మార్చుకున్నాడు. థాంక్స్ చెబుదామని ‘గండుపిల్లిగారు’ అని కొడితే, అలాంటి పేరుగలవాళ్లు లేరంది గది. మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే. పెద్దవాళ్లను గారు లేకుండా పిలవడం అతనికి చేతకాదు. చివరికి అందరి ముందే మొరపెట్టుకున్నాడు.

“ఆదేశంలో మర్యాదలు పెట్టకు. పేరు ఉత్తదే కొట్టు,” అంది గండుపిల్లి.

అలా మొదలైంది చదువు. స్లాష్ కొట్టి ‘జాయిన్’ అంటే లోపలికి రావడం, ‘నిక్’ అంటే పేరు మార్చుకోవడం, ‘కిక్’ అంటే గెంటేయడం. తప్పు చేసినప్పుడల్లా గండుపిల్లి తిట్టేది. ఎవరో చాదస్తపు ముసలాయన అనుకుని దేవేంద్ర పడేవాడు.

ఇంతకీ ఈ తాపత్రయమంతా అత్తగారి కోసం. గది నడిపే అప్పారావు రిటైరై విజయనగరం వెళ్లిపోతున్నాడు. ఆయన తర్వాత తను ఆపరేటరైతే, ఇంట్లో ఉన్న అత్తగారు పైడమ్మ కాస్త ఖాతరు చేస్తుందని దేవేంద్ర ఆశ.

బొబ్బిలి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. అతను వస్తే తలుపు చాటుకి వెళ్లేది. ఏం కావాలన్నా కూతురితో చెప్పించేది. అల్లుడి ముందు నిలబడకపోవడం మా వైపు పద్ధతి అని భార్య కల్యాణి ఎంత చెప్పినా, కిరండూల్‌లో పుట్టి పెరిగిన దేవేంద్రకు నమ్మకం కుదరలేదు.

ఆ బాధ గండుపిల్లి దగ్గరే వెళ్లబోసుకున్నాడు.

“నేనంటే ఆవిడకి గిట్టదండీ. ఒక్కసారి ‘తిన్నావా బాబూ’ అని అడిగితే ఆవిడ సొమ్మేం పోయింది?”

గండుపిల్లి జవాబు వచ్చింది.

“తిన్నావా బాబూ?”

దేవేంద్రకు కళ్లు చెమర్చాయి. ముక్కూ మొహం తెలియని ముసలాయనకున్న పాటి ప్రేమ ఇంట్లో మనిషికి లేదే అనుకున్నాడు. ఆ పూట కంచంలో నెయ్యి మామూలు కంటే ఎక్కువే పడింది. అతను గమనించలేదు.

ఆదివారం అప్పారావు అతన్ని ఆపరేటర్ చేశాడు. పేరు ముందు చిన్న గుర్తొచ్చింది. దాంతోపాటు కాస్త పొగరూ వచ్చింది. అభినందనలు వరసగా పడుతుంటే మధ్యలో గండుపిల్లి అందరి ముందే అంది:

“ఆపరేటర్‌గారూ, ముందు మీ వంటింటి కుళాయి బాగుచేయించండి. ఒకటే కారిపోతంది.”

గదంతా నవ్వులు. దేవేంద్రకు తల కొట్టేసినట్టయింది. కుళాయి సంగతి ఆయనకెలా తెలుసని కూడా ఆలోచించలేదు. స్లాష్ కొట్టి, కిక్ అని, గారు లేకుండా, ఒక్క అక్షరం తప్పు పోకుండా గండుపిల్లిని గెంటేశాడు. తిరిగి రాకుండా బ్యాన్ కూడా పెట్టాడు. నేర్పిన చదువు అంత బాగా అబ్బింది.

మర్నాడు పొద్దున్నే, బొబ్బిలి తిరిగి వెళుతున్న అత్తగారిని విశాఖ బండి ఎక్కించాడు. ఆవిడ చెంగు నెత్తిమీదికి లాక్కుని అటువైపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బండి కదిలింది. ఒక్క మాట లేదు.

దేవేంద్రకు దిగులేసింది. చెప్పుకోవడానికి గండుపిల్లి తప్ప ఎవరూ గుర్తుకు రాలేదు. సిగ్గుపడుతూ అక్కడే బ్యాన్ తీసేసి, క్షమించమని కొట్టాడు. అలాంటి పేరుగలవాళ్లు లేరంది గది.

“పేరు ఉత్తదే కొట్టాను. గండుపిల్లి రావట్లేదేంటి?” అన్నాడు.

ప్లాట్‌ఫారం మీద పక్కనే నిలబడ్డ కల్యాణి అతని ఫోన్‌లోకి తొంగిచూసింది. మలుపు తిరుగుతున్న బండి వైపు చూసింది.

“బండి అడవిలో పడింది, ఇంక సిగ్నలెక్కడిది? ఎదురుగా మాట్లాడలేనంటే అమ్మకి ఈ చాట్ అంతా నేనే నేర్పాను. వెళ్లొస్తానని మీతో తనే చెబుదామని నిన్న చాట్ గదిలోకి వస్తే, కుళాయి మాట దగ్గరే గెంటేశారు కదండీ.”