ఆరు గేర్ల బండి, నాలుగో బేరం

“కొంటానన్నాడు! కొహరూ, కొంటానన్నాడు!”

ఫోను పట్టుకుని రెంజి వంటింట్లోకి ఒక్క గెంతు గెంతాడు. మిసో సూపులో ముల్లంగి ముక్కలు వేస్తున్న కొహరు చేతిలోంచి గరిటె జారి గిన్నెలో పడింది.

“ఎవరు?”

“మియాజిమా గారని. ఫొటోలు చూసే ఖాయం చేశాడు. రేపు పొద్దున్న పదింటికి వచ్చి తీసుకెళ్తాడట. అమ్మయ్య!”

“అమ్మయ్య” అంది కొహరు, గరిటె కోసం సూపులో వెతుకుతూ.

పెళ్ళయి నాలుగు నెలలు. వాళ్ళ అపార్ట్‌మెంట్లో ఇంటికి ఒకటే పార్కింగ్ గడి. చోటుందని పోలీసులిచ్చే కాగితం లేనిదే రెండో బండి కొనడానికి లేదు. ఉన్న ఆ ఒక్క గడిలో రెంజి ప్రాణం నిలబడి ఉంది. నీలం సెడాన్. టర్బో ఇంజను, ఆరు గేర్లు. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం చేత్తో కడిగి, హరునా కొండ మలుపులన్నీ తిప్పి తెస్తాడు.

కొహరుదేమో ఆటోమేటిక్ బళ్ళకు మాత్రమే చెల్లే లైసెన్సు. వచ్చే నెల నుంచి కొండ అవతలి పిల్లల బడిలో ఆమెకు ఉద్యోగం. అక్కడికి బస్సు లేదు. ఇద్దరూ నడపగలిగే బండి ఒక్కటే ఉండాలి కనుక ఇది పోవాలి. ఒక సెలవురోజు ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో రెంజి ఆమెకు గేర్లు నేర్పబోయాడు. ఇరవై నిమిషాల్లో ఇంజను పదిహేడుసార్లు ఆగింది. రెండురోజులు మాటల్లేవు. మూడోరోజు రెంజే, “నీ వల్ల కాదులే, వదిలెయ్” అని బండిని అమ్మకానికి పెట్టేశాడు.

“ఒక్కటి చెప్తాను విను. రేపు ఆయనొచ్చాక నువ్వు నోరు తెరవకు” అన్నాడు రెంజి.

“నేనేం చేశాను?”

“ఏం చేశావా! మొదట బండి చూడ్డానికొచ్చిన ఆ ఒకాబె కుర్రాడితో ఏమన్నావు?”

“నిజమే చెప్పాను. ఈ బండికి యాక్సిడెంటే కాలేదండీ, ఆ అడవిపంది సంగతి వదిలెయ్యండి అన్నాను.”

“పంది రోడ్డు దాటింది కొహరూ! దాటి దాని దారిన అది పోయింది!”

“గుద్దిందా దాటిందా అని ఆయన అడగలేదుగా.”

“సరే, ఆ పళ్ళ డాక్టరు భార్యకి నడుంపట్టీలు అమ్మే కొట్టు అడ్రసు ఎందుకు రాసిచ్చావు?”

“సీట్లు గట్టిగా ఉంటాయిగా. పనికొస్తుందని.”

“మరి ఆ రిటైరైన హెడ్మాస్టారు? చలికాలంలో బతిమాలితేగానీ కదలదన్నావట!”

“నువ్వు రోజూ స్టీరింగు నిమిరి మాట్లాడతావుగా.”

“అది నా ముద్దు! దానికేం రోగం లేదు!” రెంజి రెండు చేతులూ జుట్టులోకి పోనిచ్చాడు. “నీకోసమే అమ్ముతున్నాను, నువ్వే అమ్మనివ్వట్లేదు. టీ ఇచ్చి ఊరుకోవచ్చుగా!”

“ఊరుకుంటాలే” అని కొహరు గోడమీది క్యాలెండరు చూసింది. “కానీ రేపు పొద్దున్న వద్దు. రేపు ‘సెంబు’. పొద్దున్నంతా చెడ్డది, మధ్యాహ్నం నుంచి మంచిది.”

రెంజి నోరు తెరుచుకుపోయింది. “నువ్వా? ముహూర్తాలా? హాలు సగం ధరకే వస్తోందని, బుద్ధుడు పోయిన రోజని ఎవరూ ముట్టని చెడ్డరోజున పెళ్ళి పెట్టించింది ఎవరు?”

“పెళ్ళికి పర్లేదు. బండికే ప్రమాదం.”

“ఆయన మాయెబషిలో ఇంకో బండి చూసుకున్నాడు తెలుసా? ఆలస్యమైతే దానికే పోతాడు!”

“నాలుగు గంటల తేడా. అడిగి చూడు.”

రెంజి గొణుక్కుంటూ సందేశం పంపాడు. నిమిషంలో జవాబొచ్చింది. ‘భలే గుర్తుచేశారు. మా ఆవిడా ఇప్పుడదే అంటోంది. మధ్యాహ్నం రెండింటికి వస్తాను.’

“దొందూ దొందే!” అన్నాడు రెంజి ఫోనువైపు చూసి.

కొహరు నవ్వుతూ సూపు గిన్నెలు తెచ్చి, అమ్మా అంటూ కూర్చుంది.

“మళ్ళీ ఎడమ కాలేనా?”

“టీ క్లాసులో గంటలకొద్దీ మోకాళ్ళమీద కూర్చోబెడుతున్నారుగా.”

“రెండు మోకాళ్ళమీదా కూర్చుంటే ఒక్క కాలే నొప్పెడుతుందా?”

“నా కాళ్ళు, నా ఇష్టం. రేపు పొద్దున్నతో ఆ క్లాసులూ అయిపోతాయి. మధ్యాహ్నానికి వచ్చేస్తాను. నేనొచ్చేదాకా తాళాలు ఎవరికీ ఇవ్వకు.”

“నువ్వు రాకపోతేనే మేలు” అన్నాడు రెంజి. కానీ ఆమె గిన్నెలో తన ముల్లంగి ముక్క ఒకటి వేశాడు.

తినడం అయ్యాక బకెట్టు తీసుకున్నాడు. “చివరిసారి కడిగొస్తాను.”

కొహరు బాల్కనీలోంచి చూస్తూ నిలబడింది. కింద రెంజి బండి కప్పు రెండుసార్లు తుడిచాడు. మూడోసారి గుడ్డ పక్కన పెట్టి చెంప ఆనించాడు.

ఆమె లోపలికొచ్చి, పల్చటి అడుగున్న బూట్లు గుమ్మం దగ్గర సర్దిపెట్టింది. గాజు తలుపు మూసి డ్రైవింగు స్కూలుకి ఫోను చేసింది.

“మాస్టారూ, రేపు తొమ్మిదిన్నరకి గేర్ల బండి పరీక్షకి వచ్చేస్తాను.”