తొమ్మిదేళ్ల ఉప్పు

“చక్రం విరగలేదే!” అన్నాడు ఇంజినీరు.

మడిలో కూర్చుని ఉప్పునేలలో పెరిగే ఉప్పుకూర లేతకొసలు కోస్తున్న ముసలాయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కొడవలి మొన వేలికి దిగింది. రక్తం చుక్క కూర మీద పడినా ఆయన చూసుకోలేదు.

సముద్రపు పోటు ఏటేటా పెరుగుతోందని, పాత తూము తలుపు పీకి కొత్తది పెట్టడానికి పొద్దున్నే జీపు వచ్చింది. పనివాళ్లు తుప్పు వదిలించి ఇనుప పెట్టె మూత తెరిచారు. లోపల తలుపును ఎత్తి దించే పళ్లచక్రం నిక్షేపంలా ఉంది.

“చక్రం విరిగి తలుపు దిగలేదని రికార్డులో రాసుందే! అప్పుడు కాపలా ఎవరమ్మా?” ఇంజినీరు పొలం యజమానురాలిని అడిగాడు.

ఆమె ఏం చెప్పిందో గాలికి వినపడలేదు. కానీ ఒక్కసారి వెనక్కి తిరిగి ముసలాయన వైపు చూసింది. ఆ చూపుకి ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ కాపలా ఆయనే. ఇప్పటికీ అందరూ ‘తూము బాబాయ్’ అనే పిలుస్తారు.

పని చిన్నదే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తలుపు ఎత్తి పొలంలో మురుగునీరు వదలాలి. పోటు రాకముందే దించాలి. తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, కూతురికి జ్వరమని కబురొస్తే ఇంటికి పరుగెత్తాడు. దించే వెళ్లానని గుర్తు. తిరిగొచ్చేసరికి తలుపు పైకి ఉంది. ఆ తూము కింద ఉన్నది ఒక్కటే పొలం, ఆమెది. కోతకొచ్చిన పైరు సముద్రపు నీళ్లలో మునిగి ఉంది.

భయంతో ఆఫీసుకెళ్లి చక్రం విరిగిందని చెప్పాడు. వాళ్లు కుర్చీలోంచి లేవకుండానే రాసుకున్నారు. నేల అప్పటికే ఉప్పు తేలిపోవడంతో, ఆ తర్వాత ఆ తలుపు దించే అవసరం ఎవరికీ రాలేదు.

అంతకు నెల ముందే ఆమె భర్త పోయాడు. అమ్మొద్దని ఆమె కాళ్లావేళ్లా పడుతున్నా వినకుండా బావగారు పొలానికి బేరం కుదిర్చాడు. పైరు మునిగిన వారమే సంతకాలు జరగాలి. గోరుచుట్టు మీద రోకటిపోటులా నేల ఉప్పు తేలింది. అది చూసి కొనేవాడూ పారిపోయాడు. “ఈ చవిటి నేల నువ్వే ఉంచుకో” అని బావగారు ఇల్లు తను తీసుకుని, పొలం ఆమె మొహాన కొట్టాడు.

ఒక ఆడకూతురి బతుకును తన మతిమరుపు మింగేసిందని ముసలాయన కుమిలిపోయాడు. ఉద్యోగం వదిలేసి ఆమె దగ్గర పనికొచ్చాడు. “రా బాబాయ్” అంది ఆమె, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా.

అప్పటినుంచీ ఆయనకు తన చేతుల మీద నమ్మకం పోయింది. మేకలదొడ్డి గడియ మూడుసార్లు చూస్తాడు. పంపు మీట మూడుసార్లు. ఇంటి తలుపు దగ్గరా అంతే. “ఇంకోసారి చూశావంటే గడియ సిగ్గుపడుతుంది నాన్నా” అని కూతురు నవ్వేది. ఆయనకు నవ్వు వచ్చేది కాదు.

యజమానురాలు మాత్రం ఆ నేలను వదల్లేదు. ఉప్పులో బతికే మొక్కల్ని వెతికి తెచ్చి నాటింది. ఒక పక్క తవ్వించిన చేపల చెరువు మురికినీళ్లు ఇప్పుడు పది మడుల్లోంచి పారతాయి. మొక్కలు ఆ మురికినే ఎరువుగా లాక్కుని, నీళ్లను తేర్చి తిరిగి చెరువుకే పంపుతాయి. లేతకొసలు హోటళ్లకు, ముదురు కాడలు మేకలకు. మేకల ఎరువు నారుమడికి. గింజల్లోంచి నూనె తీయగా మిగిలిన పిండి మళ్లీ చేపలకే. “మన పొలంలో ఊరికే పోయేవి నా కేకలొక్కటే బాబాయ్” అనేది.

ఇవాళ ఆమె కేక ఒక్కటీ వినపడలేదు.

జీపు ఎక్కబోతూ ఇంజినీరు ముసలాయన దగ్గర ఆగాడు. “పెద్దాయనా, రేపు పొద్దున ఆఫీసుకి రండి. అమ్మగారూ వస్తారు. ఇద్దరూ చెప్పింది రాసుకోవాలి.”

“అలాగే బాబూ” అన్నాడు. తప్పుడు రికార్డు రాయించినందుకు జైల్లో పెడతారేమో. పెట్టినా సరే. ఆమె ముఖం ఎలా చూడాలన్నదే ఆయన భయం.

మధ్యాహ్నం షెడ్డులో ఆమె కోసిన కొసలు తొట్టిలో కడుగుతోంది. నీళ్లు చీరమీద ఒలుకుతున్నాయి. ఆయన వైపు చూడలేదు.

“అన్నం తిన్నావా బాబాయ్?”

“ఆకలి లేదమ్మా.”

“నాకూ లేదు.”

“ఇంజినీరు ఏమన్నాడు?”

“చక్రం బాగానే ఉంది కాబట్టి ఇది మనిషి చేసిన పనే అంటున్నాడు.” కడుగుతున్న కొసలు ఆమె చేతిలోంచి జారి తొట్టిలో పడ్డాయి.

ఆయన నేలమీద కూలబడ్డాడు.

“చక్రం మాట అబద్ధం అమ్మా. ఆరోజు పిల్లకి జ్వరమని పరుగెత్తాను. దించాననే అనుకున్నాను. దించలేదు. నీ పొలాన్ని ముంచింది నేనే. తొమ్మిదేళ్లు నీ తిండి తింటూ నోరు మూసుకున్నాను.”

ఆమె గబగబా వెళ్లి షెడ్డు తలుపు మూసేసింది. తిట్టబోతోందో, కొట్టబోతోందో ఆయనకు తెలియలేదు. తల వంచుకున్నాడు.

“ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?”

“లేదమ్మా. రేపు ఆఫీసులో చెప్పేస్తాను.”

“వద్దు. నువ్వు రావద్దు. నేనొక్కదాన్నే వెళ్తాను.”

“నామీద నువ్వే చెప్తావా? చెప్పు తల్లీ. నీకా హక్కుంది.”

ఆమె వచ్చి ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. తడిచేతులతో ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“ఏం చెప్తావమ్మా?”

“ఆరోజు నువ్వు దించి వెళ్లిన తలుపు మళ్లీ ఎత్తింది నేనని.”